దవడలో ఏమీ లేదని చెప్పడం

ఈ మధ్య మా వీధిలో కొత్తగా దంతవైద్యం చదివి వచ్చిన ఒక అమ్మాయి క్లినిక్ తెరిచింది. నన్ను పిలిచి రిబ్బన్ కత్తిరించమంది, కత్తిరించాను. మిఠాయి పెట్టింది, తిన్నాను. తరువాత నెమ్మదిగా అడిగింది: "మేడం, మీ కాలంల ఈ మెషీన్లేవీ లేకుండె గద, దౌడ లోపల ఏమున్నదో ఎట్ల తెలుసుకునేటోళ్లు?" నేనేదో హడావుడిగా చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక తోచింది, ఆ పిల్లకు అసలు సంగతి చెప్పనే లేదని. దవడ లోపల ఏముందో తెలుసుకోవడం ఒక పని. తెలిసినదాన్ని ఎదుటి మనిషి నమ్మేలా చెప్పడం ఇంకో పని. ఈ రెండో పని ఏ మెషీనూ చేసి పెట్టదు. అందుకే ఈ నాలుగు మాటలు ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

నా ఉద్యోగంలో ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. అవి చదివితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. కొందరు రోగులు, ఒక పెద్ద సర్జను, ఒక తల్లి. వీళ్ల గురించి మాత్రం రాస్తాను.

పన్ను పీకే డాక్టరమ్మ

ఎనభైల మొదట్లో నా మొదటి పోస్టింగు బోధన్‌లో. చెరుకు ఆడే కాలం వస్తే ఫ్యాక్టరీకి పోయే బండ్ల వరుస మా ఆసుపత్రి ముందు దాకా ఉండేది. ఊరంతా పాకం వాసన. బండి మీది నుంచి జారిన గడను ఏరుకుని పళ్లతో చీల్చుకుంటూ పిల్లలూ పెద్దలూ తిరిగేవారు. కొందరు ఆ గడ చేతిలో పట్టుకునే నా కుర్చీ దాకా వచ్చి, పన్ను నొప్పి అని చెప్పేవారు.

నేను ఆడమనిషిని కావడం వాళ్లకు పెద్ద చిక్కు. చేరిన కొత్తలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని నా చేతుల వైపు అనుమానంగా చూశాడు.

"మొగ డాక్టర్ లేడా బిడ్డా? పన్ను పీకుడంటే జోరు గావాలె గద."

"మీరు నోరు తెరవండి తాతా. జోరు సంగతి నేను చూసుకుంటాను," అన్నాను.

పన్ను తీసి చూపించాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అరె, తెల్వనే తెల్వలే! ఇగో, గీ పక్కది గూడ ఊగుతున్నది, దాన్ని గూడ సూడు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆ వాడలో నాకు మంచి పేరే వచ్చింది. అయితే ఆ పేరు పళ్లు పీకడానికి మాత్రమే. దవడ వాచినవాళ్లు, ఎముకలో ఏదో ఉందని ఎక్స్‌రే పట్టుకున్నవాళ్లు నన్ను దాటి నిజామాబాదుకో హైదరాబాదుకో పోయేవారు. వాళ్లను ఆపి కూర్చోబెట్టడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

ఐసు ముక్క

దవడ ఎముకలో తిత్తి అంటే ఎముక లోపల తయారయ్యే ఒక సంచి లాంటిది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, తిత్తి నల్లగా కనబడుతుంది. ఎక్కువ తిత్తులు చచ్చిన పంటి వేరు కింద పుడతాయి. ఆ పన్ను సంగతి చూస్తే తిత్తి సంగతీ తేలిపోతుంది. దీనివల్ల మన వృత్తిలో ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. నల్లటి మచ్చ కనబడిందంటే చాలు, పైనున్న పన్ను పీకేస్తారు. ఆ పన్ను బతికి ఉందా, చచ్చిందా అని అడిగేవాడు ఉండడు.

అడగడానికి పెద్ద పరికరం ఏమీ అక్కర్లేదు. మా గేటు ఎదురుగా చెరుకు రసం బండి ఉండేది. మా ఆయా శాంతాబాయిని పంపి, స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు తెప్పించేదాన్ని. దూదితో పట్టుకుని పంటికి ఆనిస్తే, బతికున్న పన్ను జివ్వుమంటుంది, రోగి కుర్చీలో ఎగిరి పడతాడు. చచ్చిన పన్ను ఉలకదు, పలకదు. పైన పన్ను బతికే ఉంటే, కింద ఉన్న నల్లమచ్చ ఆ పంటి పాపం కాదన్నమాట. అప్పుడు అరుదైనవాటి గురించి ఆలోచన మొదలుపెట్టాలి.

శాంతాబాయి దెగ్లూర్ వైపు మనిషి. ఐసు కోసం పంపినప్పుడల్లా, "మేడం, రసం గూడ తేవాలె?" అనేది. ఎండాకాలం అయితే తెమ్మనేదాన్ని. పరీక్ష కోసం తెచ్చిన ఐసులో సగం మా ఇద్దరి గ్లాసుల్లోకే పోయేది.

ఒకసారి బోధన్‌లోనే ఒక బడిపంతులు వచ్చాడు. పైపళ్ల వెనక అంగిలిలో వాపు. ఎక్స్‌రేలో రెండు ముందు పళ్ల మధ్య రావి ఆకు ఆకారంలో నల్లటి నీడ. ఆ రెండు పళ్లూ పీకించుకోవాలని ఎవరో చెప్పారట.

"ముందటి పండ్లు లేకుంట బడికి పోతే పిల్లలు నా మొకం సూసి నవ్వుతరు మేడం. పాఠం ఎవడు ఇంటడు?" అని దిగులుపడ్డాడు.

ఐసు పెట్టాను. రెండు పళ్లూ జివ్వుమన్నాయి. అది పంటి తిత్తి కాదు. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు అంగిలి రెండు వైపులా కలిసే చోట మిగిలిపోయిన చిన్న దారిలో పుట్టే తిత్తి. అంగిలి వైపు నుంచి తిత్తిని తీసేశాం. పళ్లు పళ్లలాగే ఉన్నాయి. పంతులు తరువాత ఏళ్ల తరబడి నన్ను బజారులో చూసినప్పుడల్లా పలకరింపుకు ముందు పళ్లన్నీ కనబడేలా నవ్వేవాడు.

ఏమీ చేయనక్కరలేనివి, ఎప్పటికీ వదలనివి

తిత్తులన్నీ ఒక్కలాంటివి కావు. కొన్నిటిని అసలు ముట్టుకోకూడదు. ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన ఒకాయన ఎక్స్‌రేలో కింది దవడ మూల దగ్గర గుడ్డు ఆకారంలో నల్లటి మచ్చ. దాని పైనుంచి నరం వెళ్లే గొట్టం చెక్కుచెదరకుండా పోతోంది. అది తిత్తే కాదు. లాలాజలం ఊరే గ్రంథి ఆనుకుని ఎముక లోపలి వైపు పడిన సొట్ట. మనిషితో పాటు అలాగే ఉంటుంది, హాని చేయదు. సంతోషంగా ఆ మాట చెప్పాను. ఆయనకు సంతోషం కలగలేదు.

"గింత దూరం ఎండల పడి వస్తి. ఏం లేదంటివి. ఒక్క సూదన్న ఎయ్యి."

"వేయను. ఏమీ లేనిదానికి సూది ఎందుకు?"

"ఉత్తగనే పొమ్మంటవా?" అని గొణుక్కుంటూ పోయాడు. తరువాత వేరే చోట సూది వేయించుకున్నాడని తెలిసింది. మీకు ముందే చెబుతున్నాను, వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన మందు "ఏమీ అక్కర్లేదు" అన్నదే. రాసి ఇవ్వడం కష్టం, తీసుకునేవాడికి మింగడం కష్టం.

ఇంకొన్ని దీనికి పూర్తిగా విరుద్ధం. మోర్తాడ్ నుంచి వచ్చిన ఒక పసుపు రైతు దవడలో సూది పెడితే, నీరు రాలేదు, జున్నులాంటి తెల్లటి ముద్ద వచ్చింది. ఇది క్యాన్సర్ కాదు. కానీ మహా మొండిది. శుభ్రంగా తీశామనుకున్నా గోడలో ఎక్కడో ఒక గింజంత మిగిలితే ఏళ్ల తరువాత మళ్లీ తలెత్తుతుంది. అందుకని ఆయనకు తేదీలు చెప్పలేదు. "ఏటా పసుపు ఉడకబెట్టుడు అయిపోయినంక నా దగ్గరికి రావాలె," అన్నాను. ఆయన మాట తప్పలేదు. వచ్చిన ప్రతిసారీ సంచిలో నాలుగు పసుపు కొమ్ములు తెచ్చేవాడు. ఒక ఏడు అది చిన్నగా తిరిగి కనబడింది, చిన్నగా ఉన్నప్పుడే తీసేశాం. ప్రమాదం లేనిదని పుస్తకం అన్నంత మాత్రాన రోగిని మరిచిపోవడానికి అనుమతి దొరికినట్టు కాదు.

మొయిజ్ సార్

నిజామాబాదుకు బదిలీ అయ్యాక మా ఆసుపత్రిలో పెద్ద సర్జను మొయిజ్ సార్. పొట్టిగా, లావుగా, తెల్లటి గడ్డంతో ఉండేవారు. కోపం వస్తే ఉర్దూ, ప్రేమ వస్తే తెలుగు. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం ఇప్పటికీ ఎవరు అడిగినా చెబుతాను.

"దేఖో డాక్టర్ సాహెబా, బొక్కలకు కత్తి పోకముందు సూది పోవాలె. లోపట రక్తం నిండిన గడ్డ ఉన్నదనుకో, నువ్వు కత్తి పెట్టినంక తెలిస్తే ఏం ఫాయిదా? మనిషి టేబుల్ మీదనే పోతడు."

మా వైపు బొక్క అంటే ఎముక. ముందు సూదితో లాగి చూడాలి. పల్చటి పసుపు నీరు వస్తే ఒక దారి, జున్నులాంటిది వస్తే ఒక దారి. ఎర్రటి తాజా రక్తం ఒత్తిడితో పైకి తన్నుకొస్తే సూది తీసి, చేత్తో అదిమి పట్టుకుని, నోరు మూసుకుని హైదరాబాదుకు పంపాలి. ఈ ఒక్క మాట వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఆయనకే తెలియదు.

ఆయన దగ్గర ఇంకో అలవాటు కూడా ఉండేది. మా జిల్లాలో ఆపరేషన్ అయిపోగానే బయట కూర్చున్న బంధువులకు తీసినదాన్ని ట్రేలో పెట్టి చూపించాలి. రాయి కానీ, గడ్డ కానీ, గర్భసంచి కానీ, ఏదైతే అది. నలుగురూ మూగి చూస్తారు. ఒకరు ముక్కు మూసుకుంటారు, ఒకరు "గింత పెద్దదా!" అంటారు. అప్పుడు గానీ వాళ్లకు ఊపిరి ఆడదు. లోపలున్న పాపం బయటపడ్డట్టు. ఇది చెడ్డ ఆచారమని నేననను. కళ్లతో చూసిందే నమ్ముతామనడంలో తప్పేముంది? కానీ మొయిజ్ సార్ దాన్ని ఒక మెట్టు పైకి తీసుకుపోయారు. చూపించడానికి పెద్దగా ఏమీ దొరకనప్పుడు ఏదో ఒక ముక్కను పెద్దది చేసి చూపించేవారు. "డాక్టర్ ఖాళీ చేతులతోని బయటికి పోవద్దు. అట్ల పోతే రోగం లోపటనే ఉన్నదని ఏడుస్తరు," అనేవారు. జనం మీద ప్రేమతోనే అనేవారు, అందులో నాకు అనుమానం లేదు.

మోస్రా నుంచి వచ్చినవాళ్లు

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, మోస్రా నుంచి ఒక కుటుంబం వచ్చింది. పిల్ల పేరు స్వరూప, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఉంది. తండ్రి పోశెట్టికి కొంచెం వరి పొలం. తల్లి రాజవ్వ ఇంట్లో తంబాకు, అదే పొగాకు, నింపి బీడీలు చుడుతుంది. పిల్లకు వెనక పన్ను పుచ్చి నొప్పి పెడితే ఒకచోట ఎక్స్‌రే తీయించారు. పుచ్చిన పన్ను మామూలు సంగతే. కానీ అదే ఫిల్ములో కింది దవడలో, పుచ్చిన పంటికి ముందు వైపున, పెద్ద నల్లటి మచ్చ కనబడింది. చూసినాయన, "ఇది మంచి గడ్డ లెక్క లేదు, హైదరాబాద్ తీస్కపోండ్రి, సగం దౌడ తీయాల్సి వస్తది కావచ్చు," అన్నాడట. ఆ "కావచ్చు" మోస్రా చేరేసరికి దారిలో ఎక్కడో రాలిపోయింది. క్యాన్సర్, దౌడ తీసేస్తరు. ఊరికి చేరింది ఇంతే.

హైదరాబాద్ బస్సు ఎక్కడానికే సంచులు సర్దుకుని బయలుదేరారు. బస్టాండులో ఎవరో చెప్పగా, ఒక్కసారి చూపించి పోదామని నా దగ్గరికి వచ్చారు. పోశెట్టి సంచి కూడా కింద పెట్టకుండా మాట్లాడాడు. "పదిహేడు నడుస్తున్నది మేడం బిడ్డకు. దౌడ తీస్తే మొకం ఎట్లయితది? అన్నం ఎట్ల తింటది?"

రాజవ్వ గది లోపలికి రాలేదు. చేతులు కొంగులో చుట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

నేను ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాను. మచ్చ పెద్దదే. కానీ దాని పై అంచు పళ్ల వేళ్ల మధ్యలోకి మెత్తగా దూరింది, చేతివేళ్ల సందుల్లోకి నీళ్లు వెళ్లినట్టు. వేళ్లను కొరకలేదు, పళ్లను పక్కకు నెట్టలేదు. ఎముకను తినే గడ్డలకు అంత మర్యాద ఉండదు. దవడను బయటి నుంచి తడిమాను, ఉబ్బు లేదు. ఐసు తెప్పించి మచ్చ పైనున్న పళ్లకు ఒక్కొక్కదానికీ ఆనించాను. ప్రతిదానికీ స్వరూప ఉలిక్కిపడింది.

"అన్నీ జివ్వుమంటున్నయి మేడం," అంది ఏడుపు గొంతుతో.

"జివ్వుమంటే మంచిదే బిడ్డా," అన్నాను.

నా అనుమానం ఒకదాని మీదికి పోయింది. పేరుకు తిత్తి అంటాం గానీ, దాంట్లో సంచీ ఉండదు, గడ్డా ఉండదు. పెరిగే వయసు పిల్లల దవడలో ఎందుకో ఎముక లోపల ఒక ఖాళీ ఏర్పడుతుంది. తెరిచి చూసి, కాస్త గోకి, మూసేస్తే చాలు. లోపల ఊరిన రక్తమే గడ్డకట్టి, నెమ్మదిగా ఎముకగా మారుతుంది. కానీ అనుమానం రోగ నిర్ధారణ కాదు. తెరిచేదాకా ఎవరూ ఒట్టు వేయలేరు. ఒక్క రోజు ఆగమని పోశెట్టిని బతిమాలి పిల్లను వార్డులో చేర్చుకున్నాను.

ఆ సాయంత్రం వార్డుకు పోతే స్వరూప ఒక్కతే ఉంది. జడ విప్పుకుని, చిక్కు తీయలేక తంటాలు పడుతోంది. వాళ్లమ్మ ఏదని అడిగాను.

"బయట వరండాల కూసున్నది. మా అవ్వ నన్ను ముట్టుకుంటలేదు మేడం."

"ఎందుకు?"

"క్యాన్సర్ అన్నప్పటిసంది గంతే. జడెయ్యదు. పక్కల పండదు. చిన్నప్పుడు బీడీలు సుట్టుకుంట సుట్టుకుంటనే నాకు ముద్దలు కలిపి పెట్టేది. గా తంబాకు చేతులతోని పెట్టిన ముద్దలే నా దౌడను తిన్నయంటది. చేతులు ఎన్నిసార్లు కడిగినా వాసన పోతలేదంటది." పిల్ల దువ్వెన పక్కన పెట్టి ముఖం తిప్పుకుంది. "దౌడ పోయినా సరే మేడం, మా అవ్వ దగ్గర కూసుంటే చాలు."

వరండాలోకి పోయి రాజవ్వ పక్కన కూర్చున్నాను.

"తంబాకు నోటి చర్మానికి చెరుపు చేస్తుంది రాజవ్వా, నీ ఊపిరికి చెరుపు చేస్తుంది. బొక్క లోపల ఇట్లాంటిది దానివల్ల రాదు."

"మరి దేంతోని వచ్చింది మేడం?"

నేను ఉన్న మాటే చెప్పాను. "తెలియదు. దెబ్బ తగిలితే వస్తుందని కొందరంటారు. గట్టిగా ఎవరూ చెప్పలేరు."

"దేంతోని వచ్చిందో మీకే తెల్వదంటిరి. మరి నాతోని రాలేదని ఎట్ల తెల్సు?"

ఆమె మళ్లీ కొంగు చేతులకు చుట్టుకుంది.

ట్రేలో ఏం పెట్టాలి

మరునాడు పొద్దున్న మొయిజ్ సార్ ఫిల్మును చూసి పెదవి విరిచారు. "హైదరాబాద్ పంపు. మనకెందుకీ తలనొప్పి?"

"ముందు సూది పెడతాను సార్. రక్తం వచ్చినా, గట్టిగా ఏదైనా తగిలినా నేనే బస్సు ఎక్కిస్తాను."

ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పేసరికి కాదనలేకపోయారు. వెళ్తూ వెళ్తూ ఆగారు. "ఏం లేదనుకో, ఖాళీగ బయటికి పోకు. బుగ్గ లోపటి నుంచి చిన్న కండ తీసి ట్రేల సూపియ్యి. ఆ తల్లి పానం నెమ్మదైతది."

ఆయన మాట కొట్టిపారేయలేదు, ఆలోచించాను. ట్రేలో ఏం పెట్టి చూపించినా రాజవ్వ అందులో ఏం చూస్తుంది? తన తంబాకునే చూస్తుంది. ఇగో, నా పాపం బయటపడ్డది అనుకుంటుంది. బిడ్డ దవడ బాగైనా ఆమె మాత్రం జీవితమంతా ఆ వరండాలోనే కూర్చుని ఉంటుంది. ఏమీ లేదన్నది నిజమైతే, ఆ ఏమీ లేకపోవడాన్నే ఆమెకు చూపించాలి. దాన్ని ట్రేలో పెట్టి బయటికి తేలేను. కాబట్టి ఆమెనే లోపలికి తేవాలి.

థియేటర్ నర్సు ఒప్పుకోలేదు. పడిపోతే ఎవరు చూస్తారంది. నేను చూస్తానన్నాను. రాజవ్వకు గౌను, టోపీ, మాస్కు వేయించి, గోడ దగ్గర నిలబెట్టి, పిలిచేదాకా కదలొద్దని, ఏదీ ముట్టుకోవద్దని చెప్పాను.

"నేను ముట్ట మేడం. నేనెందుకు ముడ్త," అంది ఆమె.

పిల్లకు మత్తు ఇవ్వలేదు. దవడ నరానికి మొద్దుబార్చే సూది మాత్రమే ఇచ్చాను. ఆ సూదితో ఆ వైపు పళ్లు, కింది పెదవి, గడ్డం సాయంత్రం దాకా తిమ్మిరెక్కి ఉంటాయి. చిగురు తెరిచి, ఎముకలోకి లావు సూది పెట్టి వెనక్కి లాగాను. పసుపురంగు నీరు ఒక చుక్క వచ్చింది. తరువాత ఉత్త గాలి.

ఎముకలో చిన్న కిటికీ తెరిచాం. దీపం వంచి చూశాను. శుభ్రమైన తెల్లటి గోడలు. పైన పళ్ల వేళ్ల కొనలు. వెనకగా నరం సన్నటి తీగలా పోతోంది. అంతే.

"రాజవ్వా, దగ్గరికి రా. వంగి చూడు."

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి వంగింది. ధాన్యం గుమ్మి అడుగు చూసేటప్పుడు తల తిప్పినట్టు ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి చూసింది.

"ఖాళీగున్నది," అంది.

"ఖాళీయే."

"నల్లగ ఏం లేదా?"

"నీ కళ్లతోనే చూడు."

మళ్లీ చూసింది. "తెల్లగున్నది మేడం. కడిగిన గిన్నె లెక్కున్నది." ఆ తరువాత చాలా చిన్న గొంతుతో అంది: "నా తంబాకు లేదు."

నోరు తెరుచుకుని పడుకున్న స్వరూప కళ్లు పైకి తిప్పి తల్లి ముఖం కోసం వెతికింది. రాజవ్వ మాస్కు తడిసిపోయింది. పడిపోతుందేమోనని భయపడ్డ నర్సే గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది.

గోడలు కాస్త గోకాను. వచ్చిన సన్నటి పొర, కిటికీ దగ్గర తీసిన ఎముక పలుకులు చిన్న సీసాలో వేసి పరీక్షకు పంపాం. లోపల రక్తం ఊరి నిండగానే కుట్లు వేసేశాను.

తలుపు తీసేసరికి బయట మోస్రా నుంచి జీపులో దిగిన చుట్టాలంతా ఉన్నారు. పోశెట్టి అన్న ముందుకు వచ్చాడు. "ఏం తీసిండ్రు మేడం? సూపియ్యుండ్రి."

నేను నోరు తెరిచేలోపే నా వెనక నుంచి రాజవ్వ ముందుకు వచ్చింది, టోపీ కూడా తీయకుండా.

"ఏం తియ్యలే బావా. తీసుటానికి ఏం లేకుండె. నేను సూసిన."

"మరి ఎక్స్‌రేల నల్లగ కనవడె గదా?"

"ఖాళీ ఉన్నకాడ నల్లగనే కనవడ్తది," అంది ఆమె, తనకు అది పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు.

ఇక ఎవరూ ట్రే అడగలేదు. పక్క గది గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న మొయిజ్ సార్ నా వైపు చూసి తల ఊపారు. "అచ్ఛా కియా. కానీ అందర్ని పిలువకు, థియేటర్ బస్టాండ్ అయితది," అన్నారు. ఆ మాటా నిజమే. తరువాత అందరినీ పిలవలేదు. ఎవరిని పిలవాలో మీరే పసిగట్టాలి, దానికి సూత్రం లేదు.

పరీక్ష ఫలితం మేం అనుకున్నట్టే వచ్చింది. తరువాతి ఎక్స్‌రేలలో నల్లమచ్చ అంచుల నుంచి లోపలికి బూడిదరంగు పాకి, మెల్లగా తెల్లబడి, చివరికి వెతికినా దొరకలేదు. స్వరూప చదువు పూర్తి చేసింది. రాజవ్వ మళ్లీ బీడీలు చుట్టింది. ముక్కుకు బట్ట కట్టుకోమని నేను తిట్టడం, ఉక్కపోస్తుందని ఆమె మానేయడం చాలా ఏళ్లు నడిచింది. బీడీ పని మంచిదని నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె చేయని నేరం ఆమె మీద ఉండకూడదనే నా పట్టుదల.

ఇవన్నీ తరువాతి సంగతులు. ఆపరేషన్ అయిన మధ్యాహ్నం నేను వార్డుకు వెళ్లేసరికి స్వరూప చెంపకు ఐసు సంచి పెట్టుకుని దిండుకు ఆనుకుని ఉంది. రాజవ్వ మంచం మీద, పిల్ల పక్కనే కూర్చుని ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె చేతులు కొంగుతో ఒకసారి తుడుచుకుని, భయం భయంగా చాచి, పసిపిల్లను పట్టుకున్నట్టు బిడ్డ గడ్డం పట్టుకుంది.

స్వరూప తల్లి చేతి వైపు చూసింది. తిమ్మిరెక్కిన పెదవితో ముద్దముద్దగా అంది: "తెలుస్తలేదు అవ్వా."

రాజవ్వ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. పిల్ల గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ తన గడ్డానికే ఆనించుకుంది.

"తియ్యకు. తెలిసేదాక పట్టుకో."